ఒక్కసారి మోగితే చాలు

"పైకి చూస్తావేంటి? అది కిందుంది," అన్నాడు దారిత్.

బోరిన్ వంటగది కప్పు మీంచి చూపు దించుకున్నాడు. గ్యాస్ డిటెక్టర్ బియ్యం బస్తాల వెనక, నేలకు జానెడు ఎత్తులో గోడకు బిగించి ఉంది. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే ముందు నేల మీదే పరుచుకుంటుంది.

"అలారం కంపెనీలో కొత్తగా చేరావా?"

"కొత్తే."

"కొత్తవాణ్ణి పంపారా మా నెత్తికి." దారిత్ నడుముకున్న లాఠీ సర్దుకున్నాడు. అతను ఆ భవనానికి కాపలాదారు. "రోజూ ఊరికే అరుస్తోంది. అరిచినప్పుడల్లా పైన పని ఆగిపోతోంది. మా పెద్దాయన నీ పీక పట్టుకోకముందే దాని నోరు మూయించు."

పైన అంటే అంతస్తుల నిండా మనుషులు. ఉద్యోగాలని నమ్మి వచ్చినవాళ్ళు. ఏయే దేశాలవాళ్ళో. కంప్యూటర్ల ముందు కూర్చుని, ముఖం తెలియనివాళ్ళని ఫోన్లలో మాయచేసి దోచాలి. కాదంటే దెబ్బలు. తలుపులన్నిటికీ కరెంటు తాళాలు. కంబోడియా సరిహద్దులోని ఆ ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. ఠాణా చుట్టూ తిరిగి అలిసిపోయినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

పొయ్యి దగ్గర వంటమనిషి మాలిస్ గంజి కలుపుతోంది. ఆమె కూడా జీతానికని వచ్చి లోపలే చిక్కుకుపోయిన మనిషే. వచ్చినవాడి వంక చూసి గరిటె ఆపింది. మళ్ళీ కలపసాగింది.

బోరిన్ గోడకున్న అలారం పెట్టె మూత విప్పాడు. స్క్రూ చేతిలోంచి జారిపోయింది. వంగి వెతుక్కున్నాడు.

"ఆ ఎర్ర తీగ జోలికి మాత్రం వెళ్ళకు," అన్నాడు దారిత్. "గ్యాస్ లీకైతే తాళాలన్నీ వాటంతటవే ఊడిపోతాయట. అలా ఊడకుండా మేం వేసుకున్న తీగ అది. ఇంకోసారి చెప్పను."

"ముట్టుకోను."

దారిత్ అతని భుజం పక్కనే నిలబడ్డాడు. కళ్ళు బోరిన్ చేతుల మీదే ఉన్నాయి. పై మెట్ల మీంచి ఎవరిదో ఏడుపు వినిపించింది. వెంటనే దెబ్బ చప్పుడు. ఏడుపు ఆగిపోయింది.

బోరిన్ వదులు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. అవసరం లేని స్క్రూలు బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. ఎర్ర తీగ బెత్తెడు దూరంలో ఉంది. దారిత్ కదలడం లేదు.

ఉన్నట్టుండి వెనక పెద్ద చప్పుడు. గంజి గుండిగ పొయ్యి మీంచి దొర్లింది. మరుగుతున్న గంజి దారిత్ బూట్లదాకా పారింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" దారిత్ వెళ్ళి ఆమె చెంప ఛెళ్ళుమనిపించాడు. ఇంకోటి కొట్టాడు. మాలిస్ గోడకు గుద్దుకుంది.

బోరిన్ అటు తిరగలేదు. పళ్ళు బిగించి ఎర్ర తీగ పీకేశాడు. జేబులో కుక్కుకున్నాడు.

"అయిందా?" దారిత్ తిరిగొచ్చాడు.

"అయింది. ఒకసారి మోగించి చూడాలి."

"మోగకుండా చెయ్యమంటే మోగిస్తానంటావేంటి?"

"గ్యాస్ కొట్టి చూస్తేనే కదయ్యా బాగైందో లేదో తెలిసేది. లేకపోతే రేపు మళ్ళీ అరుస్తుంది."

దారిత్ వేలు చూపించాడు. "ఒక్కసారే. మోగగానే ఆపాలి. ఆపలేకపోయావో, నిన్నూ పైకి పంపి కంప్యూటర్ ముందు కూర్చోబెడతా."

బోరిన్ మోకాళ్ళ మీద కూర్చుని చిన్న సీసాలోని పరీక్ష గ్యాస్‌ను డిటెక్టర్ మీద కొట్టాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి కొట్టాడు. పెట్టె మీద పచ్చ దీపం పచ్చగానే ఉంది. సీసా ఊపాడు. దాని మీద రాసింది గబగబా చదివాడు. మళ్ళీ నొక్కాడు. లోపలి గ్యాస్ అయిపోవస్తున్నట్టు బుస సన్నబడింది.

"నీకసలు పనొచ్చా?" అంటూ దారిత్ పెట్టె వైపు నడిచాడు. మూత ఇంకా తెరిచే ఉంది. లోపల ఎర్ర తీగ లేదు.

బోరిన్ సీసా పట్టుకుని లేవబోయాడు.

"అక్కడ చూస్తే ఏం లాభం?" నేల తుడుస్తున్న మాలిస్ ఎవరి వంకా చూడకుండా గొణిగింది. "అరుపులు పడలేక నిన్న మేమే దానికి ప్లాస్టిక్ కవరు తొడిగాం. అది తియ్యకుండా ఎంత కొడితే మాత్రం ఏం మోగుతుంది? ఆమాత్రం చూసుకోడా ఈ మెకానిక్కు?"

దారిత్ డిటెక్టర్ వైపు తిరిగాడు. బోరిన్ దానికి అతుక్కుపోయిన జిడ్డు కవరును గోళ్ళతో చింపేశాడు. సీసాలో మిగిలిందంతా కొట్టాడు.

దీపం ఎర్రబడింది. సైరన్ భవనమంతా దద్దరిల్లేలా మోగింది. వంటగది తలుపు తాళం టక్కున ఊడింది. పై అంతస్తులోది, ఆ పైది, వరసగా అన్నీ ఊడాయి.

"తీగేదిరా?" దారిత్ అతని కాలరు పట్టుకున్నాడు.

"గ్యాస్! పేలిపోతుంది, పరిగెత్తండి!" మాలిస్ గొంతు చించుకుని అరిచింది.

మెట్ల మీంచి జనం వరదలా దిగారు. ఉత్త కాళ్ళతో, ఒకరినొకరు లాక్కుంటూ. గేటు దగ్గరి కాపలావాళ్ళే అందరికన్నా ముందు పారిపోయారు. ఆ తోపులాటలో బోరిన్ విదిలించుకున్నాడు. చొక్కా అసలే వదులు. అది దారిత్ చేతిలోనే మిగిలిపోయింది.

బయట బజారు పట్టపగలు జనంతో కిటకిటలాడుతోంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే అందులో కలిసిపోయారు. చివర్లో కర్రపెండలం లారీ ఒకటి కదలబోతోంది. బోరిన్ ఎగబాకి చెయ్యందించాడు. మాలిస్ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఇద్దరూ దుంపల మధ్య గోనెసంచి కప్పుకుని పడుకున్నారు.

లారీ ఊరు దాటి పెద్దరోడ్డెక్కాక, మాలిస్ వాచిన చెంపను అతని భుజానికి ఆనించి అడిగింది: "బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాడివి, ఈ అలారాల పని ఎక్కడ నేర్చుకున్నావురా తమ్ముడూ?"