తాకిన చెయ్యి

పెనుకొండలో కబడ్డీ ఫైనల్. చివరి కూతకు వెళ్లిన మారెప్ప, ఎదుటి జట్టులోని హరినాథ్ మోచేతిని తాకి గీత దాటి వచ్చేశాడు. ఆ ఒక్క పాయింటు చాలు, అతని జట్టు గెలుస్తుంది.

"నన్ను తాకలేదు సార్," అన్నాడు హరినాథ్.

రిఫరీ చూడలేదు. పాయింటు ఇవ్వనన్నాడు.

మారెప్ప హరినాథ్ ఎదుటికి వెళ్లాడు. ఇద్దరిదీ ఒకే ఊరు.

"పోయిన వారం మీ ఇంటికి పనికొస్తి. నా చెయ్యి చెంబుకు తగిలిందని మీ అవ్వ దాన్ని బయట పారేపిచ్చె. నువ్వు ఆడ్నే ఉంటివి. చెంబుకు తగిల్తే కనపడ్తాది, నీకు తగిల్తే కనపడదా?"

హరినాథ్ తల దించుకున్నాడు.

"తగిలింది సార్," అన్నాడు చివరికి.

విజిల్ మోగింది. హరినాథ్ చెయ్యి చాపాడు.

మారెప్ప ఆ చేతిని ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.