మందిరంలో మంచం

చట్టం ప్రకారం వేసవిలో పొద్దెక్కితే ఇళ్లకు కరెంటు ఆగిపోతుంది. దేవుడి మందిరాలకు మాత్రం ఆగదు. కరెంటు వాడకం తగ్గించి భూమిని కాపాడమని ఉపవాసాలుండి, కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగి ఆ చట్టం తెప్పించినవాళ్లలో సలోమి వాళ్ల సంఘమే ముందుంది. ఇప్పుడు ఆమె భర్త ఏసోబుకు ఆయాసం. అందుకే ముందుగదిలో సిలువ తగిలించి, ఇంటిని ప్రార్థన మందిరమని రికార్డుల్లో రాయించుకుంది. వీధిలో అందరూ చేసిన పనే అది.

అది నిజంగా మందిరమేనా అని తనిఖీకి సంఘపెద్ద గమలియేలుగారే వచ్చారు.

"మందిరంలో మంచమేంటమ్మా?"

"ఆయనకు ఊపిరాడదండీ. ఫ్యాను లేకపోతే బతకడు."

"దేవుడి పేరు చెప్పి కరెంటు వాడుకునేవాళ్లను వదలొద్దని ఆ రోజు మైకులో ఏడ్చింది నువ్వే కదమ్మా."

సలోమి మంచం ఒక కొస పట్టుకుంది, పెద్దాయన రెండో కొస. మంచాన్ని, దాని మీదున్న మనిషితో సహా, వడగాలి కొడుతున్న వసారాలోకి ఇద్దరూ కలిసి మోశారు. గమలియేలుగారు లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకున్నారు.

"ఇప్పుడు మందిరంలా ఉంది. ప్రార్థన చేసుకుందాం."

ఆయన ప్రార్థన ముగించగానే వసారాలోంచి ఏసోబు అలవాటు కొద్దీ ఆమెన్ అనబోయాడు. సగంలోనే ఊపిరి అందలేదు.