ఆకుల శాలువా

గుట్ట కింది చిట్టడవిని స్వచ్ఛందంగా కాపాడతామని జంతువులన్నీ ముందుకొచ్చాయి. మేక కూడా పేరివ్వబోతే అధ్యక్షత వహిస్తున్న ఎలుగుబంటి కసిరింది.

"ఆకులు మేసేదానివి, నువ్వేం కాపలా కాస్తావే? అవతలికి పో!"

మేక దూరంగా వెళ్లి బండ మీద కూర్చుంది.

సేవకులు మూడొందల మంది తేలారు. తలా ఒక ఆకు బ్యాడ్జీ కావాలన్నారు. కోతి కొమ్మలు దూసి పంచింది. తర్వాత సభకు తోరణాలు, భోజనాలకు విస్తళ్లు, అధ్యక్షులవారికి ఆకుల శాలువా. పచ్చదనం మీద నక్క రెండు గంటలు మాట్లాడింది. ఎండకు మాడు మాడిపోతుంటే అందరూ నీడ కోసం చూశారు. ఏ కొమ్మకూ ఒక్క ఆకు లేదు.

"మేకే మేసేసింది!" అని ఎలుగుబంటి అరిచింది.

మేక బండ దిగి దగ్గరికొచ్చింది.

"అధ్యక్షులవారూ, మిగిలిన అడవంతా మీ ఒంటి మీదే ఉంది. జాగ్రత్తగా కాపలా కాసుకోండి. నాకు పొద్దుట్నుంచీ ఆకలిగా ఉంది."