కొట్టేసిన గీతలు

పక్క రైసుమిల్లు ఆగితేగాని తెనాలిలో మా ఆసుపత్రి యంత్రం మెదడు అలలను శుభ్రంగా గీయదు. అందుకే డెబ్బై ఎనిమిదిలో ఆ రాత్రి, మిల్లు కట్టేశాకే స్పృహ లేని బసవపున్నయ్య తలకు వైర్లు అంటించాను.

రెప్పలు అదిరితే పడే గీతల్నీ, గుండె కొట్టుకుంటే పడే ముళ్ళలాంటి గీతల్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేయడం నా పని. మిగిలిందే మెదడు. ఏమీ మిగలకపోతే ఇక ఆశ లేదని, పొద్దున్నే వాళ్ళ ఊరు రేపల్లె తీసుకుపొమ్మంటారు డాక్టరుగారు.

"మేష్టారు తప్పులు దిద్దినట్టు అన్నీ కొట్టేస్తున్నారేంటి అన్నయ్యగారూ?" అంది బసవపున్నయ్య భార్య తులసి.

"అవి గుండెవమ్మా. మెదడువి కావు. కొట్టేయకుండా మిగిలేవే మెదడువి."

నిజానికి నాడి పట్టుకుని, ఒక్కో ముల్లునూ దాంతో సరిచూశాకే కొట్టేయాలి. అలసిపోయిన నా చెయ్యి ఆ పని ఎప్పుడో మానేసింది. ఆ రాత్రి ఎందుకో మనసొప్పక ఆయన మణికట్టు పట్టుకున్నాను.

నాడి సన్నగా తగిలింది. తరవాత ఆగిపోయింది. మెడ దగ్గర చూశాను. అక్కడా లేదు. ఛాతీకి చెవి ఆనించాను. గదిలో యంత్రం కలం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

కాగితం మీద ముళ్ళు మాత్రం అదే ఎత్తున, అదే ఎడంతో పడుతూనే ఉన్నాయి. గుండెవే అయితే గుండెతోపాటే ఆగిపోవాలి. నా పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది.

తులసి గబగబా దగ్గరికొచ్చింది. ఆమె ముఖం వెలిగింది.

"కొట్టడం ఆపారు. అంటే మిగిలిందన్నమాటేగా అన్నయ్యగారూ?"