సరిపోయిన నెత్తురు

ఎర్రకణాల మీద మందుని పట్టుకునే గ్రాహకాలు మొద్దుబారి, రక్తపోటు మాత్రలు ఎవరికీ పనిచెయ్యకుండా పోయిన రోజులవి. గ్రాహకాలు సరిపోయిన మనిషి నెత్తురు నెలకోసారి రెండు చెంచాలు ఎక్కించుకుంటేనే పోటు దిగేది. కాకినాడ రేవులో క్రేను నడిపే గోవిందరాజుకి భార్య పావని నెత్తురు సరిపోలేదు. వెనకవీధి హేమలతది సరిపోయింది.

హేమలత అతణ్ణి "అన్నయ్యగారూ" అనే పిలిచేది. అయినా పావనికి కడుపు రగిలిపోయేది. పదేళ్ళు కాపురం చేసిన తనది కాక, ఎవరిదో నెత్తురు ఆయన ఒంట్లో తిరగడమేమిటి?

ఆ నెల హేమలత నెత్తురివ్వడానికి గుమ్మంలోకి రాగానే, "ఆయన ఊళ్ళో లేరమ్మా" అని పావని తలుపేసేసింది.

మూడోరోజు గోవిందరాజు భోజనానికి లేవబోతూ తల పట్టుకుని కూలబడ్డాడు. అతని చేతిపట్టీలో పోటు అంకె రెండొందలు దాటింది. పావని చెప్పులైనా వేసుకోకుండా వెనకవీధికి పరుగెత్తింది.

"అబద్ధం చెప్పానమ్మా. ఆయన ఇంట్లోనే ఉన్నారు. రా తల్లీ!"

"పదండి వదినగారూ" అంటూ హేమలత పొయ్యి ఆర్పి, పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చేసింది. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. నెత్తురు ఎక్కించిన గంటకి పోటు దిగింది. గోవిందరాజు కళ్ళు తెరిచి, "హేమలత వచ్చిందా?" అన్నాడు.

పావని గుండె మళ్ళీ కలుక్కుమంది. "వచ్చింది లెండి" అని వంటింట్లోకి వెళ్ళి ముగ్గురికీ వడ్డించింది.

"కూర ఇంకాస్త వేసుకో, వచ్చే నెలా రావాలిగా" అంటూ హేమలతకి కొసరి కొసరి పెట్టింది. ఆమె కంచం మాత్రం ఆయనకి దూరంగా, తన పక్కనే వేసింది.