గుడ్డ కప్పిన నంబరు

మధ్యాహ్నం మెట్లు దిగుతుంటే, తాళం వేసున్న ఒక ఇంటి తలుపు కింద నుంచి నీళ్లు ధారగా బయటికి వస్తున్నాయి.

ఫోటో తీయబోయి ఆగాను. మా అపార్ట్‌మెంట్ ఆన్‌లైన్ గ్రూపులో సోమవారం ఇంటి నంబరు లేదని నా పోస్టు పీకేశారు. బుధవారం నంబరు ఉందని పీకేసి, రెండు రోజులు నా నోరు మూయించారు. అందుకే ఈసారి కుట్టు సంచిలోంచి లైనింగు గుడ్డముక్క తీసి, నంబరు పలక మీద కప్పి ఫోటో పెట్టాను. మా దగ్గర తలుపులన్నీ ఒకటే రంగు. ఎవరూ పోల్చుకోలేరు.

నిమిషంలో అదీ మాయమైంది. అడ్మిన్ తన ఆఫీసు నుంచి ఫోను చేశారు.

"టైలరమ్మా, మీకు చదవడం రాదా? ముందు నా అనుమతి తీసుకోకుండా ఫోటో పెట్టకూడదని పొద్దున్నే రూలు మార్చాను."

"పొద్దున్న మార్చింది మధ్యాహ్నానికి ఉంటుందో లేదో అనుకున్నా."

"వెటకారాలొద్దు. ఎవరింట్లోనో కుళాయి కారితే మీకెందుకంత దురద?"

"పైపు పగిలినట్టుంది సార్. ఎవరిల్లో చెప్పమంటారా?"

"చెప్పొద్దు. ఫోన్లో ఫిర్యాదులు తీసుకోను. రాసి పంపండి, సాయంత్రం ఆరింటికి చూస్తా."

"మీ ఇష్టం సార్," అని ఫోను పెట్టేశాను.

గుడ్డముక్క మెల్లగా లాగాను. నంబరు కింద ఆయన పేరు. పేరు కింద, ముచ్చటపడి చేయించుకున్న ఇత్తడి అక్షరాల్లో 'గ్రూప్ అడ్మిన్'.

నీళ్లు నా చెప్పుల దాకా వచ్చాయి. రూలు ప్రకారం ఆరింటిదాకా నాకేమీ తెలియదు.