కొచ్చి పడవ

పడవల ఫోటోలు చూసీ చూసీ సోనికి తల తిరిగిపోయింది.

ఇంకా సముద్రం ముఖమే చూడలేదు. భద్రాచలంలో, సొంత ఇంట్లో, సోఫా మీదే ఈ తిప్పలు.

ఆమె భర్త రామ్‌చందర్ సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మిగిలింది ఒక్కటే కోరిక. పెద్ద తెరచాప పడవ కొని, భార్యతో కలిసి దేశదేశాలు చుట్టి రావాలి.

"నడిపేది నేను. సుఖంగ ఉండాల్సింది నువ్వు. నువ్వే చెప్పు, ఏది తీసుకుందాం?"

సోని ఇన్నేళ్లలో ఎక్కింది పాపికొండల లాంచీ ఒక్కటే. ఏం చెబుతుంది?

చివరికి రెండు పడవలు మిగిలాయి. గోవాలో ఉన్నది పాతది, ఇరుకు. కొచ్చిలో ఉన్నదానికి వెడల్పాటి హాలు, డబుల్ కాట్, నున్నటి తెల్లని గోడలు. దాన్ని చూపించిన బ్రోకరు కోటేష్‌ది ఖమ్మం జిల్లా ఎర్రుపాలెమే. కొచ్చిలో స్థిరపడ్డాడు.

ఆ మధ్యాహ్నం గేటు చప్పుడైంది.

అరవై దాటిన ఒకామె. ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖం కందిపోయింది.

"నా పేరు ఫజిలత్. మాది ఖమ్మం. మీరు కొచ్చి పడవ తీసుకుంటున్నరని తెలిసి వచ్చిన. అది తీసుకోకుండ్రి అమ్మా."

సోని తెల్లబోయింది. "ఎందుకు?"

"హాలు బాగ వెడల్పు గదా. గాలికి పడవ పక్కకు ఒరిగితే పట్టుకుంటానికి ఏం దొరకదు. ఈ గోడ కాడికెళ్లి ఆ గోడకు పోయి పడ్తరు. సముద్రంల ఇరుకే నయం. గోవాది చూడుండ్రి."

లోపలి నుంచి రామ్‌చందర్ వచ్చాడు.

"మిమ్మల్ని గోవా వాళ్లు పంపిండ్రా?"

"ఎవరూ పంపలే భాయ్."

"మరి మీరెవరు?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. "అది మాత్రం అడగకుండ్రి."

"ఎంత కమీషన్ ఇస్తమన్నరు? సగం జిందగీ ఓడలల్ల గడిపినోన్ని, నాకు చెప్తున్నరా? పోండి!"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

సోనికి ఏమీ పాలుపోలేదు. అబద్ధం ఆడే ముఖంలా లేదు. కానీ ఏ లాభమూ లేకుండా ఇంత ఎండన పడి ఎవరొస్తారు?

"కనీసం మంచినీళ్లన్న ఇయ్యకపోతిమి," అంది.

"దొంగ బేరగాళ్లకు నీళ్లేంది?" అన్నాడు రామ్‌చందర్.

కొచ్చి పడవే కొన్నారు.

రేవులో ఉన్నన్నాళ్లూ అది మహల్‌లా ఉంది. లక్షద్వీప్ దాటాక గాలి ముదిరింది.

సోని టీ కప్పుతో వంటగదిలోంచి హాల్లోకి వచ్చింది. పడవ ఒక్కసారిగా ఒరిగింది. చేతులు చాపింది. నున్నటి గోడ తప్ప ఏమీ తగల్లేదు. హాలు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి పడింది.

తుంటి ఎముక విరిగింది. రామ్‌చందర్ పడవను వెనక్కి తిప్పి, ఆమెను కొచ్చి దవాఖానాలో చేర్చాడు.

కోటేష్ చూడటానికి వచ్చాడు.

"ఫజిలత్ అని ఒకామె మా ఇంటికొచ్చి ఈ పడవ వద్దన్నది. నీకు ఎరుకేనా?" అడిగింది సోని.

కోటేష్ తల దించుకున్నాడు.

"పోవద్దని మొత్తుకున్న మేడం. పోయినా తానెవరో చెప్పనని ఆమెతోని మాట గూడ తీసుకున్న. అయినా వచ్చిందన్న మాట."

"ఏ కంపెనీ మనిషి?" అన్నాడు రామ్‌చందర్.

"ఏ కంపెనీ కాదు సార్. ఏడాది సంది ఈ పడవను అడిగినోళ్లే లేరు, మీరొక్కరే వచ్చిండ్రు. మన దిక్కోళ్లు కొంటున్నరని నేనే ఆమె ముందు నోరు జారిన. ఆ రాత్రే ఇక్కణ్నుంచి రైలెక్కినట్టుంది."

"మరి ఎవరామె?"



"పడవ కాగితాలల్ల అమ్మినాయన పేరు జానీ మియా అని చూసిండ్రు గదా సార్... ఆయన ఇంటామె, ఆ పడవ వాళ్లదే."